ఇల్లు మారుట – స్పానిషు క్రియ



నా శిష్యుఁడొకఁడు స్పెయినుదేశమున మాడ్రిడునగరమందు నుద్యోగము చేయుచున్నాఁడు. అతఁడు నూతనగృహమునఁ బ్రవేశించి, ఆ వార్త తోడి యుద్యోగులకుఁ జెప్పఁబోయి, ఆంగ్లమందలి ‘మూవ్’ శబ్దమునకు సరియని తలఁచి ‘మొవేర్సె’ యను క్రియను బ్రయోగించెను. విన్నవారికి, కూర్చున్నచోటనుండి కదలెనని మాత్రమే తోఁచినదఁట! ఏ క్రియ యుచితమని నాకు జాబు వ్రాసెను. నిఘంటువులు పరిశీలించి తెలిసికొన్నది మనవి చేయుదును.

గృహము మారుటకు ‘ముదార్సె’ యనవలెను. ‘మె ముదే దె కాసా’ యనఁగా ‘ఇల్లు మారితిని’ అని యర్థము. దీనికి మూలము లాటినుభాషయందలి ‘ముతారే’. మార్చుటయని దాని భావము. సర్పము కుబుసము విడుచుటకును, మనుజుఁడు వస్త్రములు మార్చుకొనుటకును ఈ ధాతువే చెల్లును. ఉద్యోగరీత్యా వేఱూరికిఁ బోవుట, కార్యాలయము తరలుట మున్నగుచోట్ల ‘త్రస్లదార్సె’ యనుట గంభీరముగా నుండును.

మనమును ‘ఇల్లు కదలితిమి’ అనము గదా! ‘ఇల్లు మారితిమి’ అనియే యందుము. తెలుఁగునుండి నేరుగాఁ బోయినచో వాఁడు తప్పకపోవును. కాని దోషము వానిది కాదు; పరభాషల కెల్ల నాంగ్లమే ద్వారమని బడిలో బోధించినవాఁడను నేనే. ఆ మాటయే వానికిఁ బ్రత్యుత్తరముగా వ్రాసితిని: ‘నాయనా! ముందుగా అమ్మనుడి నడుగుము. కదలునది దేహము, మారునది కాపురము.’

సెలవు.