సామాను దగ్గర ఉన్నవారి వంతు

ఈ ఉదయము సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయము తెరిచి పెట్టుకొనండి.

వాక్యములోనికి వెళ్లేముందు ఒక ఈతగత్తె గురించి చెప్పనివ్వండి. పేరు జెన్నీ థాంప్సన్, అమెరికా దేశస్థురాలు, 1973లో పుట్టింది. ఒలింపిక్స్‌లో ఆమెకు ఎనిమిది స్వర్ణ పతకాలు. అబ్బో అంటారు మీరు. కాని ఎనిమిదీ రిలేలలో వచ్చినవే. తానొక్కతే ఈది గెలిచిన ఒలింపిక్ స్వర్ణం ఒక్కటీ లేదు!

1992లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో 54.48 సెకన్ల ప్రపంచ రికార్డుతో బార్సిలోనా వెళ్లింది. అక్కడ చైనా అమ్మాయి 54.64లో గెలిచింది. జెన్నీ రెండవది. తన రికార్డు వేగంతో ఈదినా స్వర్ణం ఆమెదే. 2000లో సిడ్నీలో అదే పోటీలో కాంస్యం వచ్చింది. అదికూడా మరొకరితో సమానంగా పంచుకున్నదే. ఆమెకు బాధ కలగలేదంటారా? సొంత పతకం కోరుకోవడం తప్పని నేననను.

రిలేలో నలుగురు. ముందు ఈదేవారి చెయ్యి గోడను తాకేదాకా తరువాతివారు గట్టు విడువకూడదు. ఒకరు తొందరపడితే నలుగురూ పోయినట్లే. 1996లో అట్లాంటాలో మెడ్లే రిలేకు జెన్నీ ప్రాథమిక పోటీలో ఈదింది. ఫైనల్‌లో దిగలేదు. జట్టు గెలిచింది, నియమము ప్రకారము ఆమెకూ స్వర్ణమే.

ఇప్పుడు బెసోరు వాగు దగ్గరికి రండి. దావీదు వెంట ఆరు వందలమంది. రెండు వందలమంది అలసిపోయి వాగు దాటలేక సామాను దగ్గరే ఉండిపోయారు. నాలుగు వందలమంది అమాలేకీయులను ఓడించి వచ్చారు. రాకతోనే వారిలో దుర్మార్గులు కొందరు అన్నదేమి? మాతో రానివారికి దోపుడుసొమ్ములో వంతు లేదు, భార్యాపిల్లలను తీసుకొని పొమ్మన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యెహోవా ఇచ్చినదానిలో అందరికీ సమభాగమన్నాడు. అది ఇశ్రాయేలులో కట్టడ అయింది. ఆ రెండు వందలమందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు, చూడండి.

జెన్నీ 2001లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరింది. ఆ చదువు మధ్యలోనే 2004లో ఏథెన్సులో ఈదింది, రెండు రజతాలు. మళ్లీ రిలేలే! 2006లో డాక్టరయింది. ఏ డాక్టరు? మన ఊళ్లలో మత్తు డాక్టరంటామే, అది. ఆపరేషను అయ్యాక పండ్లబుట్ట ఎవరికి ఇస్తాం? కోసి కుట్టిన డాక్టరుగారికి. తలదగ్గర కూర్చొని మన ఊపిరినీ నాడినీ రక్తపోటునూ క్షణక్షణం కాచినవారి ముఖం మనకు గుర్తుండదు. మనం నిద్రలో ఉన్నాం గదా!

ఆమెను భక్తురాలిగా మీ ముందు నిలబెట్టడం లేదు. నేను మాట్లాడుతున్నది మీతో. ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరచే అమ్మా, పదేళ్లుగా సండేస్కూలు చెబుతూ వార్షికోత్సవంలో పేరు చదవబడని అయ్యా, ఇక చాలు మానేద్దామని ఈ వారమే అనుకున్నారేమో. పాస్టరుగారూ, వాగు దాటివచ్చిన మనం పంపకములో ఏమంటున్నాం?

ప్రార్థించుదము. తండ్రీ, రాత్రంతా రోగి తలదగ్గర మేలుకొని ఇప్పుడే ఇంటికి నడుస్తున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. చాపలు చుట్టి తాళము వేసి వెళ్లేవారిని పేరుపేరున ఎరిగియున్నావు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.