ముసలితనంలో తుంటి విరిగితే
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, బడిపంతులును. అయినా ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి గనుక ఈ విషయం ఎత్తుకున్నాను. దాదీయో, నానాయో ఫజర్ వేళ చీకట్లో వుజూకని లేచి తడి నేల మీద జారి పడతారు. తుంటి విరుగుతుంది. కాలు కాస్త పొట్టిదై పాదం బయటికి తిరిగిపోతుంది. అప్పుడు ఇంట్లో మొదట వినిపించే మాట ఏమిటి? "ఈ వయసులో ఆపరేషన్ ఏం తట్టుకుంటారు? కట్టు కట్టించి పడుకోబెడదాం." ప్రేమతో అనే మాటే. కాని అదే ప్రాణం మీదికి తెస్తుంది.

మన వైపు పుత్తూరు కట్టుకు పేరుంది. ముంజేయి విరిగితే కట్టు ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుంది. తుంటి అలా కాదు. అది పెద్ద కండల మధ్య లోతుగా ఉంటుంది. పైన కట్టిన కట్టుకు అందదు. మనిషి నెలల తరబడి మంచాన పడతాడు. ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుంది, వీపున పుండ్లు పడతాయి, కాలి నరాల్లో రక్తం గడ్డ కడుతుంది. ఎముక కన్నా మంచమే ఎక్కువ చెరుపు చేస్తుంది.

మరి ఆపరేషన్ ఒక్కటి చేయిస్తే చాలునా? చాలదు. ముసలివారికి షుగరు, బీపీ, గుండె బలహీనత, రోజూ మింగే గుప్పెడు మాత్రలు ఉంటాయి. ఎముక డాక్టరు ఎముకను చూస్తారు. మనిషిని మొత్తంగా ఎవరు చూడాలి? ఇంగ్లండులోని హేస్టింగ్స్ పట్టణంలో డేవాస్ అనే ఎముకల సర్జను, ఇర్విన్ అనే వృద్ధుల వైద్యుడు కలిసి ఒకే వార్డులో ఇలాంటి రోగులను చూడడం మొదలుపెట్టారు. ఒకరు ఎముక నిలబెడితే ఇంకొకరు మనిషిని నిలబెట్టారు.

ఆ పద్ధతే అక్కడ దేశమంతటా పాకింది. 2010 నుంచి, 36 గంటల్లోపు ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్యునితో చూపించడం వంటి నియమాలు పాటించిన ఆసుపత్రికి ప్రభుత్వం అదనంగా డబ్బు ఇవ్వసాగింది. తుంటి విరిగినవారిలో నెలలోపు చనిపోయేవారు 2007లో నూటికి సుమారు 11 మంది. 2011 నాటికి ఎనిమిదిన్నరకు తగ్గారు. నార్వేలో 397 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. వృద్ధుల వైద్యం అందినవారు నాలుగు నెలల తర్వాత మిగతావారికన్నా బాగా నడిచారు.

మన దగ్గర ఇలాంటి వార్డులు ఇంకా అరుదు. అందుకని అడగవలసింది మనమే. నాలుగు ప్రశ్నలు గుర్తుంచుకోండి. ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో అవుతుందా? గుండె, షుగరు, మాత్రలు చూసే ఫిజీషియన్ రోజూ వస్తారా? నొప్పి తగ్గడానికి ఏమిస్తున్నారు? మర్నాడే లేపి నిలబెడతారా?

రాత్రిపూట పెద్దాయన పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందనుకోవద్దు. నొప్పి, నిద్రలేమి, మందులు, మూత్రం బిగుసుకోవడం వల్ల అలా జరుగుతుంది. వెంటనే డాక్టరుకు చెప్పండి. కళ్లద్దాలు పెట్టండి, తెలిసిన గొంతు ఒకటి పక్కన ఉండాలి.

ఖర్చు మాట కూడా ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది. పడిన తర్వాత పరుగెత్తకుండా కార్డు ముందే చేయించి ఉంచండి.

ఒకసారి విరిగినవారికి మళ్లీ విరిగే భయం ఎక్కువ. ఎముకల పటుత్వానికి మందులున్నాయి. అవి అడిగి వాడించండి. వుజూ చేసే చోట పట్టుకునేందుకు ఒక కడ్డీ, రాత్రంతా ఒక చిన్న దీపం పెట్టించండి.

మనల్ని వేలు పట్టి నడిపించినవారు వాళ్లు. "ఈ వయసులో ఎందుకు" అనే మాట మన ఇళ్లలో ఇక వినబడకూడదని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.