చెత్త నిబంధనలు – మన బార్కస్
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంత మంచి సభలో చెత్త సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని నిజాం కాలపు అరబ్బు సిపాయిల బారక్సుల పేరు మోస్తున్న మన బస్తీలో పిల్లల ఆరోగ్యం ఈ సంగతి మీదే ఆధారపడి ఉంది.

చట్టాలకు లోటు లేదు. వీధుల చెత్త ఎత్తించే బాధ్యతను 1955 నాటి చట్టమే కార్పొరేషన్ మీద పెట్టింది. 2015 నుంచి ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు, స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. చెత్తను మూడు రకాలుగా వేరు చేసి ఇమ్మని 2016 నిబంధనలు ఇంటివారికి చెప్పాయి. 2026 నిబంధనలు దాన్ని నాలుగు రకాలు చేశాయి. రకాలు పెరిగాయి, మరి సందులోకి బండి రావడం కూడా పెరగాలి కదా!

వీధి కుండీలు తీసేశారు. ఆటో వేళకు వచ్చే గల్లీ బాగానే ఉంది. ఆటో దూరని సందులో మాత్రం కుండీ పోయింది గాని కచరా పోలేదు. ఇక ఆ డబ్బాలంటారా, కొన్ని ఇళ్ళలో వాటిలో నీళ్ళు పట్టుకున్నారు. నవ్వకండి, తప్పు రెండు వైపులా ఉంది.

బక్రీదు రోజులు చూడండి. కార్పొరేషన్ ముందుగానే సంచులు పంచుతుంది, అదనపు బండ్లు పెడుతుంది. మనమూ వ్యర్థాలు సంచిలో కట్టి ఉంచుతాం. అదే కార్పొరేషన్, అదే మనం. ఎవరి పని ఏమిటో ముందే తెలియడం వల్ల పని జరుగుతోంది. మిగతా రోజులకు కావలసిందీ అదే.

2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగిన సంగతి మనం మరువలేదు. ఆ వరదకు కారణాలు అనేకం. కాని నాలాలో ప్లాస్టిక్ అడ్డుపడితే చిన్న వానకే నీరు ఇళ్ళలోకి వస్తుంది.

కాబట్టి మన సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాను. ఆటో రాని సందుల జాబితా రాసి సర్కిల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. బండి వచ్చే వేళ ప్రతి గల్లీలో బోర్డు మీద రాయించాలి. తడి, పొడి వేరు చేయడం మన ఆడపడుచులే కాదు, మగవాళ్ళూ నేర్చుకోవాలి. మనం పారేసింది చివరకు జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడ ఉన్నవీ మనలాంటి కుటుంబాలే.