ప్రోటాన్ ఆగే చోటు: కణకిరణ చికిత్సా ప్రణాళికలో మోతాదు నిర్ధారణ

క్యాన్సర్ చికిత్సలో ఎక్స్‌కిరణాల కంటే ప్రోటాన్లకు ఉన్న ఆధిక్యం ప్రధానంగా ఒకే గుణంలో ఉంది: అవి శరీరంలో కొంత దూరం వెళ్లి ఆగిపోతాయి. ఎక్స్‌కిరణం చర్మం కింద కొద్ది లోతులోనే గరిష్ఠ మోతాదును వదిలి, క్రమంగా క్షీణిస్తూ, కణితిని దాటి అవతలి అవయవాలను కూడా తాకుతూ బయటికి పోతుంది. ప్రోటాన్ మాత్రం వేగంగా పోతున్నంతసేపు దారిలోని కణజాలానికి తక్కువ శక్తినే ఇచ్చి, వేగం మందగించే కొద్దీ ఎక్కువ ఇస్తూ, ప్రయాణం చివరి మిల్లీమీటర్లలో పెద్ద మొత్తాన్ని వదిలి నిలిచిపోతుంది. ఈ చివరి ఉధృతిని బ్రాగ్ శిఖరం అంటారు. 1904లో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో విలియం హెన్రీ బ్రాగ్ ఆల్ఫా కణాల్లో దీనిని గుర్తించగా, 1946లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ ఇది వైద్యానికి ఎలా పనికివస్తుందో ఒక వ్యాసంలో వివరించాడు. 1954లో బర్క్‌లీలో ప్రోటాన్లతో రోగులకు చికిత్స మొదలైంది. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రి ఆవరణలోనే ప్రోటాన్ కేంద్రం ఏర్పడింది.

ప్రోటాన్ ఆగుతుందన్నది నిశ్చయం, కానీ ఈ రోగి శరీరంలో సరిగ్గా ఎక్కడ ఆగుతుందన్నది అంచనా మాత్రమే. 150 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో దాదాపు 16 సెంటీమీటర్లు, 200 మిలియన్లదైతే 26 సెంటీమీటర్లు పోతుంది. నీటి తొట్టెలో ఈ దూరాన్ని మిల్లీమీటరులోపు తేడాతో కొలవవచ్చు. మనిషి శరీరంలో ఎముక, కొవ్వు, కండరం, గాలి కలగలిసి ఉంటాయి గనుక, ఏ పొర ప్రోటాన్‌ను ఎంత నెమ్మదింపజేస్తుందో ముందుగా తెలియాలి. ఆ నెమ్మదింపజేసే గుణాన్ని స్టాపింగ్ పవర్ అంటారు. చికిత్సా ప్రణాళిక మొత్తం దీని మీదనే ఆధారపడి ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. స్టాపింగ్ పవర్‌ను రోగి శరీరంలో నేరుగా కొలిచే సాధనం సాధారణ చికిత్సా కేంద్రంలో లేదు. ఉన్నది సీటీ స్కాన్. ఆ స్కాన్ ప్రతి బిందువుకూ హౌన్స్‌ఫీల్డ్ సంఖ్య అనే అంకెను ఇస్తుంది: నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు 1000కి పైన. ఇవి ఎక్స్‌కిరణాలు ఎంత మేరకు క్షీణించాయో చెబుతాయే గాని, ప్రోటాన్లు ఎంత నెమ్మదించాయో చెప్పవు. ఎక్స్‌కిరణాల క్షీణత పరమాణు సంఖ్యను బట్టి బాగా మారుతుంది కాబట్టి ఎముకలోని కాల్షియం స్కాన్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. ప్రోటాన్ నెమ్మదించడం మాత్రం ముఖ్యంగా ఎలక్ట్రాన్ల సాంద్రత మీద, కొంతవరకు ఆ పదార్థపు సగటు ఉత్తేజన శక్తి మీద ఆధారపడుతుంది. అందువల్ల స్కాన్‌లో ఒకే అంకె చూపే రెండు కణజాలాలు ప్రోటాన్‌కు వేర్వేరుగా అడ్డుపడవచ్చు. 1996లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థ పరిశోధకులు ప్రచురించిన పద్ధతిలో, రసాయన కూర్పు తెలిసిన పదార్థాలను ముందుగా స్కాన్ చేసి ఆ యంత్రం స్పందించే తీరును గ్రహించి, తర్వాత మానవ కణజాలాల ప్రామాణిక రసాయన కూర్పు నుంచి ఒక మార్పిడి రేఖను గణిస్తారు. ఈనాటికీ చాలా కేంద్రాలు అనుసరించేది దీనినే. అది మేలైన పద్ధతే, అయినా అది ప్రామాణిక మనిషికి గీసిన రేఖ. ఎదుట పడుకున్న రోగి ఎముకలో కాల్షియం తక్కువ ఉండవచ్చు, పంటిలోని లోహం స్కాన్‌లో చారలు సృష్టించవచ్చు. చివరికి నీటి సగటు ఉత్తేజన శక్తి విలువ కూడా స్థిరంగా నిలవలేదు: అంతర్జాతీయ ప్రమాణంగా 75 ఎలక్ట్రాన్ వోల్టులుగా ఉన్నది 2016లో 78కి మారింది.

ఈ అనిశ్చితులన్నింటికీ పరిహారంగా ప్రణాళికలో కణితి చుట్టూ అదనపు అంచు చేరుస్తారు. అనేక కేంద్రాల్లో అది ప్రోటాన్ పోయే దూరంలో 3.5 శాతం, దానికి తోడు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. 20 సెంటీమీటర్ల లోతుకు లెక్కిస్తే అది దాదాపు సెంటీమీటరు అవుతుంది; ఆ సెంటీమీటరంతా ఆరోగ్యకరమైన కణజాలమే. దీనికంటే విచారకరమైన పర్యవసానం మరొకటి ఉంది. ప్రోస్టేట్ గ్రంథికి ముందువైపు నుంచి కిరణం పంపితే, పురీషనాళానికి ముందే ఆగిపోయేలా శక్తిని ఎంచుకోవచ్చు. ఆగే చోటు మీద నమ్మకం చాలక, సాధారణంగా రెండు తుంటి పక్కల నుంచి, తొడ ఎముకల తలల గుండా పంపుతారు. ఆ లోతులో చెదిరిపోయి మసకబారిన కిరణం పక్క అంచుతోనే పురీషనాళాన్ని కాపాడుకోవలసి వస్తుంది. ప్రోటాన్‌ను ఎంచుకున్నదే అది ఆగుతుందని. తీరా వాడేటప్పుడు ఆ ఆగే గుణాన్నే పక్కన పెట్టవలసి రావడం ఈ చికిత్స ఇంకా తీర్చుకోని లోటు.

శరీరం కూడా స్కాన్ నాటి స్థితిలో నిలిచిపోదు. ముక్కు పక్క కుహరాల్లోని కణితికి ప్రణాళిక వేసిన రోజున ఒక కుహరం మూడు సెంటీమీటర్ల మేర శ్లేష్మంతో నిండి ఉందనుకుంటే, ఆ శ్లేష్మం ప్రోటాన్‌కు దాదాపు నీరంత అడ్డు. చికిత్స సాగుతుండగా అది ఖాళీ అయి గాలి చేరితే, అడ్డు దాదాపు పూర్తిగా తొలగి, అదే శక్తి గల కిరణం ఇంచుమించు మూడు సెంటీమీటర్లు లోపలికి చొచ్చుకుపోతుంది. అక్కడ మెదడు కాండం ఉండవచ్చు. అందుకే ఇటువంటి రోగులకు చికిత్స మధ్యలో మళ్లీ స్కాన్ తీసి ప్రణాళికను సవరించడం తప్పనిసరి.

పరిష్కారాలు అనేక దిశల నుంచి వస్తున్నాయి. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌కిరణాలతో తీసే డ్యూయల్ ఎనర్జీ సీటీ, ఎలక్ట్రాన్ల సాంద్రతనూ పరమాణు సంఖ్య ప్రభావాన్నీ విడదీసి చూపుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో దాని నుంచి స్టాపింగ్ పవర్‌ను నేరుగా గణించి, రోగుల ప్రణాళికల్లో అంచును తగ్గించగలిగారు. గణన వైపు చూస్తే, కిరణాన్ని సన్నని దారాలుగా విడగొట్టి ఎదుటి శరీరాన్ని పొరలుగా భావించే పాత పద్ధతి, ఎముక, గాలి పక్కపక్కనే ఉండే చోట్ల తప్పుతుంది. లక్షలాది ప్రోటాన్లను ఒక్కొక్కటిగా, సంభావ్యతల ప్రకారం అనుసరించే మాంటే కార్లో పద్ధతి ఊపిరితిత్తుల వంటి చోట్ల సత్యానికి దగ్గరగా వస్తుంది. ఇక దృఢ ప్రణాళిక అనే పద్ధతి అంచును గుడ్డిగా పెంచదు. కిరణం కాస్త ముందే ఆగితే, కాస్త దాటిపోతే, రోగి కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఏమవుతుందో అన్ని సందర్భాలనూ గణించి, వాటిలో అతి చెడ్డదైన సందర్భంలో కూడా కణితికి మోతాదు తగ్గకుండా చూస్తుంది. ప్రణాళికా రంగంలో వచ్చిన మార్పుల్లో ఇదే అత్యంత నిజాయితీ గలదని చెప్పాలి, ఎందుకంటే అది పొరపాటును దాచదు, లెక్కలోకి తీసుకుంటుంది.

భౌతికమైన మోతాదు సరిపోయినా జీవశాస్త్రపరమైన ప్రశ్న మిగులుతుంది. ప్రోటాన్ ప్రభావం ఎక్స్‌కిరణాలకంటే అంతటా 1.1 రెట్లని ప్రణాళికల్లో లెక్కగడతారు. ప్రయోగశాలలో కణాల మీద జరిపిన పరీక్షల్లో మాత్రం, ప్రయాణం చివర నెమ్మదించిన ప్రోటాన్లు అంతకంటే ఎక్కువ హాని చేస్తున్నట్టు కనిపిస్తుంది. అనుభవజ్ఞులు కిరణాల కొసలన్నీ మెదడు కాండంలో పడకుండా దిశలను ఎంచుకోవడం దీనివల్లనే.

అసలు ప్రోటాన్ ఎక్కడ ఆగిందో చికిత్స జరుగుతుండగానే చూడగలిగితే అంచనాల భారం చాలావరకు తీరుతుంది. పరమాణు కేంద్రకాలను తాకినప్పుడు వెలువడే తక్షణ గామా కిరణాలను చీలిక గల కెమెరాతో పట్టి ఆ చోటును లెక్కించే పరికరాన్ని 2015లో డ్రెస్డెన్‌లోనే తొలిసారి రోగి చికిత్సలో వాడారు.

భారతదేశంలో 2019లో చెన్నైలోని అపోలో కేంద్రం తొలి ప్రోటాన్ చికిత్సను ప్రారంభించగా, 2023లో నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ సెంటర్ కూడా మొదలుపెట్టింది. ఇటువంటి కేంద్రాల్లో ఆగే గుణాన్ని పూర్తిగా వాడుకొనే సందర్భం మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణితి గల పిల్లల చికిత్స. వెన్నుపాము పొడవునా వీపు వైపు నుంచి వచ్చే కిరణం వెన్నుపూస ముందు అంచున ఆగుతుంది. పెరిగే పిల్లల్లో ఎముక అసమానంగా పెరగకుండా పూస మొత్తానికీ మోతాదు అందిస్తారు, ముందున్న గుండె, థైరాయిడ్, పేగులు దాదాపు పూర్తిగా తప్పించుకుంటాయి. పూసకు ఆనుకొని ముందు అన్నవాహిక ఉంటుంది గనుక, ఆగే చోటు విషయంలో తగ్గించగలిగిన ప్రతి మిల్లీమీటరు అనిశ్చితీ ఆ బిడ్డ అన్నవాహిక మీద పడే మోతాదును తగ్గిస్తుంది.