మలావీలో నేనే మైదానం మనిషిని
(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగం)



వాలంటీరుగా విదేశం వెళ్లిన అనుభవం చెప్పమన్నారు. నేను చింతూరు ఏజెన్సీలో కోయగూడెంలో పుట్టాను. పొదుపు సంఘాల్లో పనిచేశాను. ఆ పని మీదే నన్ను ఆఫ్రికాలోని మలావీకి పంపారు. రాజధాని లిలాంగ్వే నుంచి బస్సులో ఊరు చేరాను. మొక్కజొన్న చేలు, మామిడిచెట్లు, గడ్డి ఇళ్లు. మన గూడెంలాగే ఉంది, ఇట్టే కలిసిపోతాననుకున్నాను.

అలా జరగలేదు. పిల్లలు నన్ను చూసి 'మ్వెన్యే' అని కేకేశారు. ఇండియా మనిషి అని. అక్కడి పట్టణాల్లో మనదేశం నుంచి తరాల కిందట వెళ్లినవాళ్ల దుకాణాలు చాలా ఉన్నాయి. నన్నూ ఆ షావుకార్ల మనిషే అనుకున్నారు. షావుకార్ల చేతికి పోయిన భూముల గురించి, 1/70 చట్టం గురించి రోజూ మాట్లాడుకునే ఇంట్లో పెరిగినదాన్ని. ఆ పిలుపు గుచ్చుకుంది.

కానీ తప్పు పిల్లలది కాదు. మొదటి వారం ఒక ఇంట్లో న్సిమా పెట్టారు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటి అది. కడుపు పాడవుతుందేమోనని వద్దన్నాను. నా బాటిల్ నీళ్లే తాగాను. ఆ రాత్రి దోమతెరలో పడుకున్నాక అమ్మ గుర్తొచ్చింది. మా గూడేనికొచ్చిన ఆఫీసర్లు జీపులోంచి బాటిల్ తీసి తాగుతుంటే, "మన నీళ్లు ముట్టనోళ్లు మనకేం చెబుతారే" అనేది.

మర్నాడు ఆ ఇంటికే వెళ్లాను. ఇంటావిడ చేతుల మీద నీళ్లు పోసింది. ఆకుకూరతో సంకటి తిన్నాను. తాగే నీళ్లు కాచి ఇమ్మని అడిగితే నవ్వుతూ కాచి ఇచ్చింది. పలకరింపు కూడా ఆమే నేర్పింది. "ములి బ్వాంజి?" అంటే బాగున్నారా అని. "న్డిలి బ్వీనో, కాయ ఇను?" అనాలి. బాగున్నాను, మరి మీరు? ఇది అయ్యాకే పని మాట. మన దగ్గరా అంతే కదా!

వాళ్ల పొదుపు సంఘం పేరు 'బ్యాంక్ మ్‌ఖొండే', వరండా బ్యాంకు. ఒక పెట్టె, మూడు తాళాలు, ముగ్గురి దగ్గర మూడు చెవులు. ముగ్గురూ వస్తేనే తెరుచుకుంటుంది. ఏడాది చివర పొదుపు, వడ్డీ పంచుకుంటారు. నేను వెళ్లీ వెళ్లగానే బ్యాంకు ఖాతా, పాసుపుస్తకం అని మొదలుపెట్టాను. ఒక పెద్దావిడ అడిగింది: "బ్యాంకుకి వెళ్లి రావడానికి రోజంతా పోతుంది. ఆ రోజు నా చేలో కలుపు ఎవరు తీస్తారు?" నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు నెలలు వాళ్లు లెక్కలు రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. నేను సాయపడగలిగింది ఎక్కడో అప్పుడు తెలిసింది.

పిల్లలు చివరిదాకా మ్వెన్యే అనే పిలిచారు. కాకపోతే పిలిచి, పలకరించి, జవాబు కోసం ఆగేవారు.

విదేశం వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదటి నెలలో దేన్నీ బాగుచేయబోకండి. మన గూడేలకు ఎంతోమంది వచ్చి వెళ్లారు. వాళ్లలో ఎవరిని మన అమ్మలు ఇప్పటికీ తలుచుకుంటారో అడిగి తెలుసుకోండి. వాళ్లలా ఉండండి.

జై ఆదివాసీ! జోహార్!