చేరిన రోజే రిజిస్టరు తెరవాలి

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా అడవులదీవిలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పునిస్తూ, పెన్షను యజమాని దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చి చెప్పింది. ఈ మాట ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి మాత్రం పెన్షను అనే మాటే ఎరుగని మన పిల్లల గురించి మాట్లాడతానని కార్యదర్శిగారికి ముందే మనవి చేశాను.

మన అడవులదీవి, నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాల నుంచి విజయవాడ, గుంటూరు, హైదరాబాదు వెళ్లిన కుర్రవాళ్లలో కొందరు భోజనాలు, సరుకులు ఇళ్లకు చేరవేస్తున్నారు. కొందరు బైకు మీద మనుషులను గమ్యం చేరుస్తున్నారు. వీరిని గిగ్ వర్కర్లు అంటున్నారు. 2020-21లో దేశంలో వీరి సంఖ్య 77 లక్షలనీ, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కావచ్చుననీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

మనం ఉద్యోగంలో చేరిన రోజు జ్ఞాపకం చేసుకోండి. ఆర్డరు చేతికిచ్చారు. జాయినింగు రిపోర్టు వ్రాయించుకున్నారు. సర్వీసు రిజిస్టరు తెరిచి పుట్టిన తేదీ, సొంత ఊరు నమోదు చేశారు. నామినీ పేరు అడిగారు. గుమాస్తా విసుక్కున్నా, అడిగితే జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉండేవాడు. మనం దాటిపోయిన తరువాత ఇంటి ఇల్లాలికి ఫ్యామిలీ పెన్షను సులువుగా వస్తున్నదంటే, దానికి పునాది ఆనాటి కాగితాలే.

ఇప్పటి కుర్రవాడు ఎలా చేరుతున్నాడు? ఫోనులో యాప్ దించుకుంటాడు. నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. ఆధారు, పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు, బండి ఆర్.సి., బ్యాంకు ఖాతా వివరాలిచ్చి తన ఫోటో తానే తీసుకుంటాడు. ఇందులో మంచి లేకపోలేదు. సిఫారసు అక్కరలేదు, చేయి తడపనక్కరలేదు, రోజుల్లోనే పని దొరుకుతుంది. అయితే అక్కడ అడిగేదంతా కంపెనీకి కావలసిందే. కుర్రవాడికి కావలసింది చెప్పేవారు లేరు.

మా వీధి కుర్రవాడొకడు చేరేటప్పుడు నేను ప్రక్కనే ఉన్నాను. షరతులన్నీ ఇంగ్లీషులో, వేలితో ఎంత జరిపినా తరగకుండా ఉన్నాయి. చివర అంగీకరిస్తున్నానని నొక్కే చోటు ఉంది. “చదవవేమిరా?” అంటే, “చదివినా చదవకపోయినా ఒకటే తాతయ్యా, నొక్కకపోతే పని లేదుగా” అన్నాడు. వాడి మాటకు నా దగ్గర సమాధానం లేదు.

పూర్వం నాట్లకు, కోతలకు మనుషులను మేస్త్రీ కుదిర్చేవాడు. కమీషను తినేవాడే కావచ్చు, అయినా కూలి తేడా వస్తే వాడి ఇంటి గుమ్మం ముందు కూర్చునే వీలుండేది. ఇప్పుడు మేస్త్రీ ఫోనులో ఉన్నాడు. ఐ.డి. ఆగిపోయిన ఉదయం ఏ గుమ్మం ముందు కూర్చోవాలి?

యంత్రంలో ఉన్నదాన్ని మార్చలేం అంటారేమో. మన లైఫ్ సర్టిఫికేటు సంగతే చూడండి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పుడు అరిగిపోయిన మన వేలిముద్రలు యంత్రానికి అందక ఎందరం తిరిగాం! 2021లో ముఖం చూసి గుర్తించే పద్ధతి పెట్టారు. వాడేవాడి కష్టం తెలుసుకుంటే పద్ధతి మారుతుందనడానికి ఇదే తార్కాణం.

చట్టాలు కూడా కదిలాయి. గిగ్ వర్కర్ల కోసం రాజస్థాన్ 2023లోనే ప్రత్యేక చట్టం తెచ్చింది. కర్ణాటక 2025లో చేసిన చట్టం ఒప్పందం సరళమైన భాషలో ఉండాలనీ, తొలగించే ముందు సాధారణంగా కారణం వ్రాసి 14 రోజుల నోటీసు ఇవ్వాలనీ అంటున్నది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, సంక్షేమానికి జమ చేయాలని అందులో ఉంది. కాని పేరు నమోదు కానివాడికి ఆ నిధి ఎలా అందుతుంది? అందుకే చేరే పద్ధతిలోనే మార్పు రావాలంటున్నాను. నా సూచనలు ఇవి:

1. షరతులు ఒక్క పేజీలో, తెలుగులో ఉండాలి. చదవలేనివారికి ఫోనే చదివి వినిపించాలి.

2. కిలోమీటరుకు ఎంత, నిరీక్షణకు ఎంత, కోతలు ఏమిటి అన్నది లెక్క వేసి చూపిన తరువాతే అంగీకారం అడగాలి.

3. నామినీ పేరు తప్పక అడగాలి. ప్రమాద బీమా ఉంటే, ఆ వివరాలు నామినీ ఫోనుకు కూడా పంపాలి.

4. ఐ.డి. ఆపితే కారణం తెలపాలి. తెలుగులో మాట్లాడే మనిషి నంబరు మొదటి రోజే ఇవ్వాలి.

5. ఈ-శ్రమ్ నమోదు అప్పుడే పూర్తి కావాలి. కంపెనీ మారినా ఆ 12 అంకెల నంబరు మారదు. అదే వాడి సర్వీసు రిజిస్టరు కావాలి.

ఇవి జరిగేలోగా మనం చేయగలిగింది ఉంది. ఈ-శ్రమ్ 2021 ఆగస్టు 26న ప్రారంభమైంది. గిగ్ వర్కర్లకు అందులో నమోదు, గుర్తింపు కార్డు, ఆయుష్మాన్ భారత్ వైద్యం కల్పిస్తామని 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు, “నమోదైందా? నామినీ ఎవరు?” అని ఈ రెండు ప్రశ్నలు వేయండి. కాలేదంటే ఆధారు, దానితో కలిపిన ఫోను, బ్యాంకు పుస్తకం పట్టించి కామన్ సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లండి. జీవితమంతా ఫారాలు నింపినవాళ్లం, ఇదొక లెక్కా!

మన హక్కు కోసం మనకు ముందువారు కోర్టు మెట్లెక్కారు. మన తరువాతివారి కోసం మనం కనీసం ఒక ఫారం నింపి పెడదాం.