ఊరి గింజ ఊరి గాదెలో



ఆకలిగొన్నవానికి ఒక పూట అన్నం పెట్టడం మంచి పనే. కాని ఊరు తన తిండి తానే ఏడాది పొడుగునా సమకూర్చుకోవడం ఎట్లా? దీనికి దారి చూపిన పల్లెలు జహీరాబాదు ప్రాంతంలో ఉన్నవి.

ఆ మెట్ట నేలల్లో జొన్న పంట, జొన్న రొట్టె తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదవాని కడుపుకు ఆసరా అయింది, కాదనలేము. అయితే జొన్నకు ఆదరణ తగ్గింది. పెట్టుబడి లేని చిన్న రైతుల చెలకలు బీళ్లు పడ్డవి. బీడు పడితే గింజతోపాటు పశువుకు చొప్ప పోతుంది, కూలివానికి పని పోతుంది.

ఇది చూసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు 1990ల మధ్యకాలంలో ఒక ధాన్యనిధి పెట్టుకున్నవి. అందులో ఎక్కువమంది దళిత స్త్రీలే. మొదటి సొమ్ము కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయం. నడిపింది మాత్రం ఊరివాళ్లు. బీడు దున్నుకోడానికి రైతుకు అప్పు ఇచ్చి, దాన్ని కొన్నేళ్లపాటు విడతలుగా జొన్నల రూపంలో తీసుకున్నారు. ఆ గింజను ఊళ్లోనే నిలవచేశారు. ఎవరు బీదలో ఊరివాళ్లే కూర్చుని, ఇంటింటి స్థితి చెప్పుకుని తేల్చారు. వారికి కార్డులిచ్చి, ఇంట్లో గింజలు నిండుకునే వానాకాలంలో బజారు ధరకన్నా తక్కువకు అమ్మారు. వచ్చిన డబ్బు మళ్లీ నిధిలోకే. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

రేషను ఉండగా ఇదెందుకండీ అని కొందరు అడుగుతారు. రేషను ఉండాల్సిందే. 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కు చేసింది. కాని ఆ గింజ బయటినుండి వస్తుంది; దానివల్ల మన చెలక దున్నబడదు. ఊరి నిధి ఇచ్చిన ఒక్క అప్పు రైతుకు పంట, కూలికి పని, ఎద్దుకు మేత, బీదకు రొట్టె, నాలుగూ ఇచ్చింది.

ఒక్క సంగతి మరువరాదు. అప్పు తీసుకున్నవాడు జొన్నలు తిరిగి కొలవకపోతే, మరుసటి వానాకాలం పస్తుండేది పక్కింటి ముసలమ్మే. కనుక లెక్కలు నలుగురిలో చదవాలి, మొహమాటం పనికిరాదు.

మనలోనూ పల్లెల్లో చెలకలున్నవారున్నారు. ఒక్క ఊళ్లో, పదిమంది రైతులతో మొదలుపెట్టినా చాలు. మనం పంచినదాని లెక్కతోపాటు పండించినదాని లెక్క కూడా ఇటువంటి సభలో చదువుకునే రోజు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.